సింగరుకు శిగం

పాట మధ్యలోనే సిద్ధార్థ నెత్తిమీద బిందెడు పసుపునీళ్లు పడ్డాయి. ఎదురుగా ఉన్న మైకు గుర్రుమని మూలిగి ఆగిపోయింది.

"శిగమొచ్చింది! పిలగాని ఒంటిమీదికి ఎల్లమ్మ తల్లి వచ్చింది!" కిందినుంచి ఆడవాళ్ల కేకలు.

వచ్చింది శిగం కాదు మహాప్రభో, రాక్! మొహానికి తెల్లరంగు, కళ్లచుట్టూ నల్లరంగు, విరబోసిన జుట్టు, నల్ల తోలు జాకెట్టు, జానెడు మడమల బూట్లు. ఎప్పటివో విలాయతి రాక్ బ్యాండ్ల వీడియోలు చూసి చూసి సిద్దిపేట కుర్రాడు నేర్చుకున్న వేషం. డ్రమ్ముల హోరు పెరగ్గానే జుట్టు గిరగిరా తిప్పి, నాలుక గడ్డందాకా చాపి, గొంతు చించుకుని ఒక్క కేక పెట్టాలి. పెట్టాడు. కాకపోతే తొగుట పక్క ఊళ్లో, ఎల్లమ్మ బోనాల్లో పెట్టాడు. కమిటీ పెద్ద దుబ్బయ్య "బ్యాండు గావాలె" అని ఫోన్ చేస్తే, ఏ బ్యాండో సిద్ధార్థ వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు.

సిద్ధార్థ చేతులు జోడించాడు. "అన్నా, నాకేం రాలే. గిది షో. పాట పాడుతున్న, గంతే!"

దుబ్బయ్య చెంపలు వేసుకున్నాడు. "అమ్మ అలిగింది! బ్యాండు ఇంక గట్టిగ కొట్టుండ్రి!"

డ్రమ్ములు వాయిస్తున్న ముస్తఫా ఆపబోతే నలుగురు మీదికొచ్చారు. పాపం, వాడు కొడుతూనే సిద్ధార్థ వైపు వంగాడు.

"అరే, ఉత్తదే అని మల్ల అనకు. అమ్మతోని పరాష్కాలాడినవని బొక్కలిరగ్గొడ్తరు."

"మరి ఎట్ల పోదాం రా?"

"నాకేమెర్క? ఊగు!"

ఊగాడు. ఉరుకుదామంటే ఆ బూట్లతో ఎక్కడికని? చుట్టూ జనం. మెడ పీకుతోంది, రంగు కారి కళ్లు మండుతున్నాయి. భయానికి ఏడుపొచ్చి ఏడ్చేశాడు. "తల్లి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది!" అంటూ ఊరంతా సాగిలపడింది.

పసిపాపను భుజాన వేసుకుని ఒకామె వేదికెక్కింది. "తల్లీ, బిడ్డకు జెరం దిగుతలేదు. నీ పసుపు బండారే పెడుతున్న. దవాఖానకు పోవాల్నా, వద్దా?"

సిద్ధార్థ పాప నుదురు ముట్టుకున్నాడు. కాలిపోతోంది. "ఇంక గీడ నిలవడ్డవేందక్కా! ఉరుకు, దవాఖానకు ఉరుకు!"

ఆమె ఉరికింది. జనానికి గురి కుదిరింది. ఇక దుబ్బయ్యను పట్టేవాళ్లెవరు?

"మాట చెప్పే తల్లి దొరికింది! కొండవ్వ సూసి అవునంటే సాలు, గీ పిలగాన్ని ఇంక యాడికీ పోనియ్యం. సచ్చేదాంక మన గుడికాడనే ఉంటడు!"

ఆ ఊళ్లో ఏటేటా శిగమూగి మాట చెప్పే ముసలామె కొండవ్వ. దొంగ శిగాన్ని ఇట్టే పడుతుందట. పట్టిందంటే వేపమండలతో వీపు చిట్లగొట్టి ఊరు దాటిస్తుందట. నాలుగు దెబ్బలతో వదిలేస్తుందంటే సిద్ధార్థకు అంతకన్నా కావలసిందేముంది!

జనం తొవ్వ ఇచ్చారు. మొహాన పసుపు, చేతిలో వేపమండలతో కొండవ్వ వేదికెక్కింది. సిద్ధార్థ ఆమె కాళ్లమీద పడ్డాడు.

"అవ్వా, నాకే అమ్మా రాలే. అంత ఉత్తదే. కొట్టు, తిట్టు, నన్నైతే ఇడిపియ్యి. నీకు పుణ్యముంటది!"

కొండవ్వ వాడి జుట్టు పట్టి లేపింది. మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత జనం వైపు తిరిగి వేపమండలు పైకెత్తింది.

"అసలు తల్లే! నా ఒంట్లకెల్లి గీ పిలగాని ఒంట్లకు పోయింది!"

ఊరు హోరెత్తింది. కొండవ్వ తన మెడలోని గవ్వల దండ తీసి సిద్ధార్థ మెడలో వేస్తూ, చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అంది.

"నాకు గూడ ఎన్నడు రాలే బిడ్డా. నా జాగల ఎవలన్న దొరుకుతరా అని సూసుకుంటనే ఇన్నేండ్లు ఊగిన."