అడిగితేనే తిరిగే ఫ్యాను

“అమ్మా ఆశా, ఫ్యాను తిరగలే! పట్టుపురుగులు వాడిపోతాండాయి!” షెడ్డు నుంచి నంజప్ప కేక.

కోడలు నాలుక కరుచుకుంది. షెడ్డు వేడెక్కితే తనంతట తానే తిరగాల్సిన ఆ ఫ్యాను నడిచేది ఆమె సొంతంగా తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాషతోనే. నిన్న దానికి కొత్త సదుపాయం చేర్చింది: ఫలితం ఎవరైనా అడిగేదాకా ఏ పనీ మొదలుపెట్టకూడదు. కంప్యూటరుకు వృథా శ్రమ తగ్గుతుందనుకుంది. ఎవరూ అడగలేదని అది షెడ్డులో వేడిని కొలవడమే మానేసింది.

“గంటకొకసారి మీట నొక్కి వేడెంతో అడగండి మామా, తిరుగుతాది. ఆదివారం సరిచేస్తా.”

పొద్దంతా ఫోను చూస్తూ కూర్చునే నంజప్ప, ఆ వారమంతా గంటగంటకూ షెడ్డుకు నడిచాడు. అడిగితేనే ఫ్యాను తిరిగేది.

ఆదివారం ఆశా లాప్‌టాప్ తెరిచింది. అప్పుడే నంజప్ప వంటింటి గడపలో నిలబడి భార్యను అడిగాడు: “నీ మోకాలి నొప్పి ఎట్లుండాది?”

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. “ముప్పై ఏండ్లలో ఎప్పుడూ అడగలే. జొరమొచ్చిందా ఏమి?”

“అడక్కుంటే యాడ ఏం నిలిచిపోతాదో ఎవరికి తెలుసు?” అంటూ ఆయన షెడ్డుకు పోయాడు.

అత్త నేరుగా కోడలి దగ్గరికొచ్చి లాప్‌టాప్ మూసేసింది.

“దాన్ని బాగుచేసినావంటే ఈ ఇంట్లో నీకు సంగటి లేదు.”