అరవైకి అరవై

ప్రతిమ చేతిలో ఒకే ఒక్క ఫారం మిగిలింది. నూటికి తొంభై తొమ్మిది నిండాయి. వాటిల్లో ఏది తీసి చూసినా ప్రాణం ఉసూరుమంటుంది.

కర్ణాటకలో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు 'మేం ఫలానావాళ్లం' అన్న అభిమానం ఎంతుందో కొలవడం ఆమె పరిశోధన. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. బాగేపల్లి తాలూకాలో ఆమె తిరగని ఊరు లేదు. ఎక్కడికి పోయినా ఒకటే మాట, "ఏమోమ్మా, మూడు ఏసుకో." ఇట్లయితే కొలవడానికి ఏముంది, వేరే విషయం వెతుక్కోమన్నాడు గైడు. మూడేళ్ల కష్టం. పాపం, ఆ పిల్లకు ఏడుపొక్కటే తక్కువ.

మిట్టేమరిలో చివరి ఇల్లు బైరప్పది. ప్రతిమ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది.

"చింతామణి నుంచి వచ్చినానప్పా. మీ ఇంటోళ్లను కొన్ని విషయాలు అడగాల."

బైరప్ప గబగబా లేచాడు. "రాండమ్మా, కూచోండి. మీరొస్తారని తెలుసులే."

పంచాయితీవాళ్లు చెప్పి ఉంటారనుకుంది ప్రతిమ. ఆయన భార్య తిమ్మక్క కొంగు సర్దుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. కూతురు మంజుశ్రీ కాఫీ ఇచ్చి, తలొంచుకుని లోపలికి పోయింది. తొంభై తొమ్మిది ఇళ్లలో ఎక్కడా ఇంత మర్యాద జరగలేదు.

"అయిదుకు ఎన్ని మార్కులో మీరే చెప్పాలప్పా. మీవాళ్ల పండగలు, ఆచారాలు పాటిస్తారా?"

"ఒక్కటీ తప్పమమ్మా. అయిదు ఏసుకోండి."

"మీ పెద్దల గురించి తెలుసుకోవాలని ఉంటుందా?"

బైరప్ప ఏడు తరాల పేర్లు గడగడా చెప్పేశాడు. ఫారంలో అంత జాగా లేదు.

"మీవాళ్లలో పుట్టినందుకు సంతోషమేనా?"

"మాకే కాదు, మా బిడ్డకు గూడా సంతోషమే," అంది తిమ్మక్క. "దానికీ అయిదు ఏసుకోండి."

"వేరేవాళ్లతో కలిసిమెలిసి ఉంటారా?"

"ఇంతవరకు ఎవురితోనూ మాటపట్టింపు లేదమ్మా. కావాలంటే పక్కింటి జయలక్ష్మమ్మను అడగండి."

జయలక్ష్మమ్మ గోడ మీదుగా అప్పటికే తలూపుతోంది.

పన్నెండు ప్రశ్నలు. అరవైకి అరవై. గైడు మొహాన ఈ ఒక్క కాగితం పెడితే చాలు, ఆయనింక నోరెత్తలేడు. ఆనందం పట్టలేక ప్రతిమ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మీలాంటి ఇంటి కోసమే ఇన్ని దినాలుగా ఊరూరా తిరుగుతాండానప్పా."

బైరప్ప తృప్తిగా భార్య వైపు చూశాడు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని నెమ్మదిగా అడిగాడు:

"అట్లయితే మా మంజుశ్రీని చూసేదానికి పెండ్లికొడుకును ఎప్పుడు పిల్చుకొస్తారమ్మా?"