పడవ ముక్కు కింది తాడు

"కొడుకా, దీన్ని కిందికి పట్టేదేంది?"

వెనక నుంచి వినబడిన గొంతుకు నవనీత ఉలిక్కిపడింది.

ఎవరో ముసలాయన. ఎండిన కట్టెలా ఉన్నాడు. ఛాతీ మీదా, మోచేతుల మీదా గీరుకుపోయిన పాత మచ్చలు. చంకలో ఒక మూట. మానేరు ఒడ్డుకు ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

ఆయన చూపుడువేలు పడవ వైపు ఉంది. పడవ ముక్కు నుంచి నాలుగడుగులు ముందుకు పొడుచుకొచ్చిన స్టీలు పైపును జితేందర్ అప్పుడే బిగించాడు.

"ఆరు బోల్టులు పట్టుకుంటయి తాత," అన్నాడు జితేందర్ చేతులు తుడుచుకుంటూ.

"ఏంటికిది?"

"రేపు దీని కొసకు పెద్ద తెరచాప కడ్త. వెనక గాలి తగిల్తె బండి లెక్క ఉరుకుతది. దుబాయ్‌ల దీన్ని బోస్ప్రిట్ అంటరు."

"గాలి నిండినంక తెరచాప పైకి గుంజుతది గదా. కింద తాడు లేకుంటె నీ పైపు బోల్టులతోనే లేస్తది."

"నువ్వేమన్న ఓడలు నడిపినవా?"

"నడపలే. గాలిల బతికినోణ్ని."

నవనీత రెండడుగులు వెనక్కి వేసింది.

జితేందర్ మాత్రం పకపకా నవ్వాడు. "నేను తొమ్మిదేండ్లు పడవల్లనే బతికిన తాత!"

ఆ తొమ్మిదేళ్లూ అతను దుబాయ్‌లో పడవలకు రంగులు వేశాడు. నడిపింది ఒక్కనాడూ లేదు. ఈత కూడా అంతంతమాత్రమే. ఆ సంగతి వాళ్ల ఊరు కోరుట్లలో ఎవరికీ తెలియదు, భార్య నవనీతకు తప్ప. అందుకే ఆమెకు గుబులు.

"రేపు మాత్రం నీళ్లల్లకు పోకు కొడుకా," అన్నాడు ముసలాయన.

"బయలెల్లే ముందర గట్ల అడ్డం మాట్లాడుతరా?" నవనీత చేతులు జోడించింది. "నీకు దండం బెడ్త, నడువు తాత."

ఆయన నడిచాడు. కానీ ఎంతో దూరం పోలేదు. తుమ్మచెట్టు కింద కూర్చొని పడవనే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున జితేందర్ కుట్టడానికిచ్చిన తెరచాప తేవడానికి సిరిసిల్ల పోయాడు. నవనీత కట్ట మీదికి పోయి చాయ్ తాగి వచ్చేసరికి, పడవ ముక్కు కింద మోకాలిలోతు నీళ్లలో ముసలాయన వంగి ఉన్నాడు.

చేతిలో వంకర కత్తి. పెదవులు ఏదో గొణుగుతున్నాయి.

పైపు కొస నుంచి పడవ ముక్కు అడుగునున్న ఇనుప కొండీ దాకా బిర్రుగా ఒక తాడు. నల్లగా, లావుగా, జిడ్డుగా ఉంది. దాని నిండా పసుపు, కుంకుమ.

నవనీత పెరిగిన మగ్గాల వాడలో పిల్లలకు మొదట నేర్పేది అదే: పసుపు కుంకుమ అంటిన తాడు కనబడితే తొక్కకు, ముట్టకు.

"బాణామతి! బాణామతి జేస్తుండు!"

గాలాలు వేస్తున్న ఇద్దరు రాళ్లు పట్టుకొని ఉరికొచ్చారు.

ముసలాయన రెండు చేతులూ ఎత్తాడు. "బిడ్డా, గది ఇప్పకు! నా మాటిను, ఇప్పకు..."

రాయి నుదుటికి తగిలింది. కత్తి జారిపోయింది. నెత్తురు తుడుచుకుంటూ, కుంటుకుంటూ రోడ్డెక్కి వేములవాడ బస్సులో పడ్డాడు.

"రాజన్నా, నువ్వే దిక్కు!" అనుకుంటూ నవనీత ఆయన కత్తితోనే తాడు కోసేసింది. చెయ్యి తగలకుండా కట్టెతో ఒడ్డు మీదికి విసిరేసింది.

జితేందర్‌కు చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

మధ్యాహ్నం గాలి లేచింది.

జితేందర్ ఎక్కిన పడవ నీళ్ల నడుమకు పోయి, మళ్లీ ఒడ్డు వైపు తిరిగింది. ముక్కు మీద నీలం తెరచాప విప్పుకుంది. వెనక గాలి నిండగానే పడవ ఉరికింది. ఒడ్డు మీది జనం ఈలలు వేశారు.

నవనీత పైపునే చూస్తోంది.

అది బెత్తెడు లేచింది. మళ్లీ జానెడు.

ఫటేల్‌మన్న చప్పుడు ఒడ్డు దాకా వినబడింది. పైపు బోల్టులతో సహా పెళ్లగించుకొని పోయింది. పడవ ఒక పక్కకు ఒరిగి బోర్లా పడింది. నీలం బట్ట నీళ్ల మీద పరుచుకుంది.

జితేందర్ తల ఎక్కడా లేదు.

నవనీత నడుములోతు దాకా ఉరికింది. ఎవరో రెక్క పట్టి ఆపారు. కట్ట మీద కల్లు అమ్ముకుంటున్న ఐలయ్య, భుజాన ఉన్న సరంజామా పడేసి దూకాడు. ఈదాడు. బట్ట కింద మునిగాడు. లేచాడు. మళ్లీ మునిగాడు.

మూడోసారి లేచినప్పుడు జితేందర్ జుట్టు అతని పిడికిట్లో ఉంది.

ఒడ్డున బోర్లా వేసి వీపు మీద అదిమారు. చాలాసేపటికి నీళ్లు కక్కాడు. దగ్గాడు.

"పానం ఉన్నది చెల్లె, ఏడ్వకు," అంటూ ఐలయ్య లేవబోయి ఆగిపోయాడు. కాలి దగ్గర కోసిన తాడు.

చేతిలోకి తీసుకున్నాడు. ముఖం మాడిపోయింది.

"గంభీరావుపేట భూమన్న మోకు గదా ఇది! ఎవలు కోసిండ్రు?"

"మోకు అంటే?" అడిగింది నవనీత.

"తాటిచెట్లెక్కేటప్పుడు నడుముకు, చెట్టుకు కల్పి ఏసుకునే తాడు చెల్లె. పసుపు కుంకుమ పెట్టి మొక్కకుండ చెట్టు ముట్టం. సొంత కొడుకుకు గూడ ఇయ్యరు దీన్ని. నీకెట్ల వచ్చింది?"

ఆమె పడవ వైపు చూపించింది.

ఐలయ్య ఇందాక పడేసిన సరంజామాలోంచి తన మోకు తీసి దాని పక్కన పెట్టాడు. అదే మెలిక. అదే అల్లిక.

"నాది గూడ ఆయన పేనిందే. నలభై ఏండ్ల సంది గీ సుట్టుపక్క ఊర్లల్ల ఆ ముసలాయన పేనిన తాడును నమ్ముకున్నోడు ఒక్కడు గూడ కిందవడలే చెల్లె."