పెరట్లో షెడ్డు

రిటైరైన మర్నాటి నుంచి స్టేషన్ మాస్టరు తన భార్యను నీడలా అంటిపెట్టుకున్నాడు. ఆమె కూర తరుగుతుంటే ముక్కల సైజు చెప్పేవాడు. మిషను కుడుతుంటే పక్కనే కూర్చుని దారం అందించేవాడు. నలభై రోజులకే ఆమెకు ఊపిరాడలేదు.

"పెరట్లో ఓ షెడ్డు కట్టుకోండి. పారా, పలుగూ పెట్టుకోవచ్చు. మీకూ ఓ చోటంటూ ఉంటుంది," అంది.

ఆయన ఆ పూటే టేపు పట్టుకుని పెరడంతా కొలిచాడు. ప్లాను గీశాడు. పునాది తవ్వి, ఇటుకలు పేర్చి, పైన రేకులు బిగించాడు. ఆ రెండు నెలలూ ఇల్లు ఆమెదైపోయింది. గోడ ఒక్కో వరస లేస్తుంటే ఆమె గుండెల మీది బరువు అంతంత దిగింది. కుడుతూ కూనిరాగం కూడా తీసింది.

పని ముగిసిన రోజు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్లాడు. లోపల పనిముట్లేవీ లేవు. ఒకదాన్నొకటి ఆనుకుని రెండు కుర్చీలున్నాయి.

"ఇవేంటండీ?"

"ముప్పయ్యేళ్లూ డ్యూటీలకే సరిపోయింది. నీ పక్కన కూర్చున్నదెప్పుడు?" అంటూ ఆమెను కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడు. "ఇంట్లో ఉంటే నువ్వు ఊరికే పక్క గదిలోకి పోతుంటావు. ఇక్కడ పక్క గది లేదు."