ఒక్క ముక్క ఇంగ్లీషు

"ఇతన్నే చేసుకుంటాను నాన్నా" అంది కూతురు.

"ఓకే" అన్నాడు టైలరు, సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా.

కూతురి మొహం మాడిపోయింది. పక్కనున్న ఎలక్ట్రీషియన్‌తో "పద, నాన్నకి ఇష్టం లేదు" అంది.

"ఓకే అన్నారు కదా?"

"నీకు తెలీదు. మా ఇంట్లో ఆ మాటకి సవాలక్ష అర్థాలు. సాగదీస్తే కూరలో ఉప్పు లేదని. రెండుసార్లంటే ఇక నోరు మూసుకోమని. తలెత్తకుండా అంటే చచ్చినా కుదరదని. అన్నీ అమ్మే విడమరిచి చెప్పేది."

తనకొచ్చిన ఇంగ్లీషంతా ఆ ఒక్క ముక్కే. దాంతోనే కాపురం నెట్టుకొచ్చానని టైలరు ఇన్నాళ్లూ మురిసిపోయాడు. నెట్టుకొచ్చింది ఆవిడన్నమాట. ఈసారి నిజంగా సరేననే అన్నాడు. తలెత్తనిది వెధవ సూది బెజ్జం కనబడక. ఆ సంగతి విడమరిచి చెప్పాల్సిన మనిషి నిరుడే పోయింది.

వాళ్లు గడప దాటుతున్నారు.

"ఆగవయ్యా అల్లుడూ" అన్నాడు. "పెళ్లిబట్టలు ఇంకోడి చేత కుట్టిస్తావా? ఇటు రా, కొలతలు తీసుకోవాలి."

టేపు అతని భుజాల మీద పరిచాడు. ఒక్కసారే అంత తెలుగు మాట్లాడి ఎన్నేళ్లయిందో, దవడలు నొప్పెట్టాయి.