రెండు బండ్లకూ ఒకటే జబ్బు

"తొయ్యండ్రా, ఇంకాస్త! ఆ మలుపు తిరిగితే ఇంటికొచ్చినట్టే!"

స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని ఫిలిమోనె అరుస్తున్నాడు. వెనక నలుగురు మగవాళ్లు నడుముకు చుట్టుకున్న సులూలు ఎగగట్టి ఎర్ర కారుని నెడుతున్నారు. ఆ నెలలో ఇది మూడోసారి. ప్రతిసారీ ఊళ్లోంచి చక్కగా బయల్దేరుతుంది, చర్చి దాటుతుంది, వంతెన దగ్గరికి రాగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది.

వంటింటి గుమ్మంలో కర్రపెండలం చెక్కు తీస్తున్న లైసాని లేచి నిలబడింది. కారు ఆమెది. చేపల ఓడ మీద పనికి వెళ్తూ భర్త జోసెఫా కొనిచ్చిన ముప్పై ఏళ్ల పాత బండి. రోజూ పొద్దున్నే నలభై భోజనం పొట్లాలు కట్టి, అందులో నౌసోరి పడవల రేవుకు తీసుకెళ్లి అమ్ముతుంది. ఇద్దరు పిల్లల చదువు ఆ పొట్లాల మీదే నడుస్తోంది. అయినా చుట్టం గుమ్మంలోకొచ్చి "కెరెకెరె, కాస్త ఇవ్వు" అని అడిగాక లేదనడం ఆ ఊళ్లో పుట్టినవాళ్ల వల్ల కాదు. పడవైనా, పలుగైనా, కారైనా ఇవ్వాల్సిందే.

"అయ్యో, మళ్లీనా బావగారూ! పాడు బండి, ఎంత అవస్థ పెట్టింది! నిమ్మరసం కలపనా?"

జోసెఫాకి పెద్దన్న ఫిలిమోనె. చెమటేమీ పట్టకపోయినా నుదురు తుడుచుకున్నాడు. "నువ్వెక్కితే సువా దాకా పరిగెడుతుంది. మేమెక్కితే వంతెన దాటదు. ఏమిటమ్మా దీని ఉద్దేశం?"

అరగంటలో బానెట్ చుట్టూ ఏడుగురు చేరారు. అందరూ కలిసి తాగే యంగోనా వేరు రసం గిన్నె కూడా వచ్చి మధ్యలో కూర్చుంది. ఇంజను గురించి తెలియని మగవాడు ఊళ్లో ఒక్కడూ లేడని లైసానికి అర్థమైంది.

"బ్యాటరీ. సందేహం లేదు."

"బ్యాటరీ పోతే లైట్లెలా వెలుగుతున్నాయిరా?"

"లైట్లకి వేరేది ఉంటుందేమో!"

"బ్యాటరీ కాదు, బరువు," అన్నాడు చర్చి పాటల పెద్ద. "ఐదుగురు ఎక్కారు. అందులో ఫిలిమోనె ఇద్దరి కింద లెక్క."

"వంతెన దగ్గర చనిపోయిన మన తాతలున్నారు. చెప్పకుండా దాటితే ఊరుకుంటారా?"

"లైసాని దాటితే ఊరుకుంటున్నారుగా?"

"కోడలు కదా. మొహమాటం."

ఫిలిమోనె కొబ్బరిచిప్పలో యంగోనా ఖాళీ చేసి ఆనవాయితీగా మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. "ఇదంతా కాదు. వచ్చేవారం బా పట్నంలో చుట్టాల అంత్యక్రియలకి వెళ్లాలి. మెకానిక్ అపిసాయికి కబురు పెట్టాను. వాడు బాగుచేస్తే సరే. లేదంటే సోమవారం బండి మా దొడ్లోకి తెచ్చేస్తాను. మా అబ్బాయి వైర్లన్నీ పీకి కొత్తవి వేస్తాడు. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు."

లైసాని చేతిలో కత్తి ఆగింది. బాగుచేస్తామని ఆ దొడ్లోకి తీసుకెళ్లిన ఆమె ఫ్రిజ్జులో ఇప్పుడు కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

ఇంతలో నీలం ట్రక్కు వచ్చి ఆగింది. అపిసాయి వంగి, సీటు కింద తడుముకుని, చెప్పులు వేసుకుని దిగాడు.

"రా బావా రా! సొంత ట్రక్కే బాగుచేసుకోలేనివాడివి, దీన్నేం చేస్తావు?" అన్నాడు ఫిలిమోనె. "నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే చెరకుతోట దాటదు కదా అది! అడగడమే మానేశాం."

"నీ బుర్ర తప్ప ఏదైనా బాగుచేస్తాను బావా," అన్నాడు అపిసాయి, సామాన్ల పెట్టె దింపుతూ.

అందరూ నవ్వారు. లైసానికి నవ్వు రాలేదు.

అపిసాయి ప్లగ్గు తీసి చూశాడు. నిప్పురవ్వ వస్తోంది. ట్యాంకు చూశాడు. పెట్రోలుంది. తాళం తిప్పి, కార్బురేటర్‌కి వచ్చే గొట్టం ఊడదీశాడు. చుక్క రాలేదు.

"పెట్రోలు పంపు తిరగట్లేదు. కార్బురేటర్‌లో మిగిలింది తాగి వంతెన దాకా పోతోంది, అయిపోగానే ఆగుతోంది."

"అయితే పంపు మార్చెయ్!"

అపిసాయి రెండు వైర్లతో పంపుని నేరుగా బ్యాటరీకి కలిపాడు. గుర్రుమని తిరిగింది. "పంపు బంగారంలా ఉంది. దానికి కరెంటే అందట్లేదు."

వైరు వెంట వెతుక్కుంటూ స్టీరింగు కిందికి దూరాడు. వెల్లకిలా పడుకుంటే కాళ్లు మాత్రం తలుపు బయట ఉన్నాయి. కాసేపు ఆ కాళ్లు కదిలాయి. తర్వాత కదలడం మానేశాయి.

"అన్నయ్యా, తినడానికేమైనా పెట్టనా?" లైసాని తలుపు దగ్గరికొచ్చి అడిగింది.

లోపల్నించి అపిసాయి గొంతు వినిపించింది. "కాళ్ల దగ్గర ఎంత శుభ్రంగా ఉంచావు చెల్లెమ్మా!"

"ఎక్కేముందోసారి, దిగేముందోసారి దులుపుతాను."

"తెలుస్తోంది."

అపిసాయి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. అందరి ముఖాలూ చూశాడు. లైసాని తన కాళ్ల వంక చూసుకుంటోంది.

"లాభం లేదు," అన్నాడు. "సముద్రపు గాలికి లోపలి వైర్లన్నీ పెళుసెక్కాయి. అలవాటైన చెయ్యైతే ఎలాగో లాక్కొస్తుంది. ఎవరైనా పీకితే మాత్రం మంటలే. బండి, దొడ్డి, కోళ్లు, అన్నీ పోతాయి."

"కోళ్లు కూడానా?" ఫిలిమోనె ఒకడుగు వెనక్కి వేశాడు. "అయితే నీ ట్రక్కు జబ్బేనన్నమాట."

"అచ్చం అదే బావా."

"సరే, బస్సే గతి," అని నిట్టూర్చి ఫిలిమోనె గిన్నె దగ్గర కూలబడ్డాడు.

అపిసాయి ట్రక్కెక్కేసరికి లైసాని అరటాకులో పెద్ద చేప చుట్టి తెచ్చింది.

"అన్నయ్యా, నువ్వు వాళ్లతో..."

అతను చేప అందుకుని, వంగి, ఎప్పట్లాగే సీటు కింద తడుముకుని ఇంజను స్టార్టు చేశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పంపు స్విచ్చి పెడళ్ల దగ్గర పెట్టకూడదు చెల్లెమ్మా, నాది సీటు కింద ఉంటుంది."