ఆదివారం కెమెరా

నొక్కిన బటన్ లోపలే ఉండిపోయింది. మాస్టారు గోటితో గీరాడు, పక్కనుంచి తట్టాడు, చివరికి కెమెరాను తలకిందులు చేసి ఊపాడు. బటన్ పైకి రాలేదు.

బీరువా మీద దాచుకున్న బిస్కెట్ల పొట్లం కోసం చెయ్యి చాపితే, పొట్లానికి బదులు భార్య కెమెరా సంచీ వచ్చి దబ్బున నేల మీద పడింది. షుగరున్న మనిషికి బిస్కెట్లేమిటి, అదీ దొంగచాటుగా. పోనీ పడింది తన వస్తువైనా బాగుండేది. ఆదివారం నాలుగింటికి ఆ కెమెరా తగిలించుకుని, పిట్టల ఫొటోలకని పార్కుకు వెళ్ళి ఆరింటికి వస్తుందామె. వారం మొత్తంలో ఆమెకంటూ ఉన్నవి ఆ రెండు గంటలే. ఇవాళ ఆదివారం. టైము రెండున్నర.

మాస్టారు గది తలుపు గడియ పెట్టి అక్క మొగుడికి ఫోన్ చేశాడు. పాడైన ప్రతిదాన్నీ విప్పి కూర్చుంటాడని ఇంట్లో అందరూ ఆయన్ని రేడియో బావ అంటారు.

“బావా, కెమెరా నొక్కే బటన్ ఇరుక్కుపోయింది. గంటలో బాగవ్వాలి.”

“నీదా, చెల్లెలిదా?”

“తనదే.”

“అయితే ముందు రిపేరు నీకు జరుగుతుంది. సరే, బ్యాటరీ తీసెయ్. చిన్న స్క్రూడ్రైవర్ ఉందా?”

“కళ్ళజోడుది ఉంది.”

“చాలు. ఫ్లాష్ దగ్గర మాత్రం వేలు పెట్టకు. బ్యాటరీ తీసినా షాక్ కొడుతుంది.”

లెక్కల మాస్టారు గనక, ఊడదీసిన ప్రతి స్క్రూనూ తెల్లకాగితం మీద వరసగా పెట్టి పక్కన అంకె వేశాడు. ఏడో స్క్రూ ఊడాక పైమూత లేచింది. బటన్ కింద స్ప్రింగు ఎర్రగా తుప్పు పట్టి ఉంది. దాని చుట్టూ నల్లటి జిగురు పేరుకుంది. తను చేసిన ఘనకార్యం చూసుకుని మాస్టారు ఫోన్ మళ్ళీ చెవికి ఆనించాడు.

“బావా, ఒక్కసారి కింద పడితే తుప్పు పడుతుందా?”

“నీ చేతిలోంచి పడితే ఏదైనా పడుతుంది. దూదికి స్పిరిట్ అద్ది తుడువు.”

దూది తగలగానే స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. మాస్టారు నేల మీద బోర్లా పడుకుని మంచం కింద వెతుకుతుంటే తలుపు చప్పుడైంది.

“ఏమండీ, గడియ పెట్టుకుని ఏం చేస్తున్నారు?”

“పేపర్లు దిద్దుతున్నా.”

“ఆదివారం కూడానా? కాసేపు పడుకోరాదూ.”

“పడుకునే దిద్దుతున్నాలే.”

ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నవ్వు ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో చిన్నా చితకా అబద్ధాలు చాలానే ఆడాడు గాని, ఇలా నేల మీద బోర్లా పడి ఆడడం ఇదే మొదటిసారి. తనమీద తనకే అసహ్యం వేసింది.

స్ప్రింగు మంచం కోడు పక్కన దొరికింది. తుప్పు గీకాడు, జిగురు తుడిచాడు, అంకెల వరస తిరగేసి స్క్రూలన్నీ బిగించాడు. బ్యాటరీ పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. క్లిక్‌మంది. వేలు తీయగానే బటన్ బుద్ధిగా పైకి వచ్చింది.

“బావా, పనిచేస్తోంది.”

“శభాష్. ఇక తీసిన చోటే పెట్టేసి మాట్లాడకుండా ఊరుకో. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు.”

మూడు ముప్పావుకు సంచీ బీరువా ఎక్కింది. నాలుగింటికి ఆమె దాన్ని భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. మాస్టారు దినపత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పకపోతే తెలీదు, నిజమే. కాని ఏ పిట్ట ముందో ఆ బటన్ మళ్ళీ ఇరుక్కుంటే, తానే ఏదో చేశానని ఆమె బాధపడుతుంది. ఆ ఊహ ఆయన్ని కూర్చోనివ్వలేదు.

“ఒక్క నిమిషం ఆగు. నీ కెమెరా ఇవాళ నా వల్ల కింద పడింది. బిస్కెట్ల కోసం చెయ్యి పెట్టాను. బటన్ పాడైంది. బాగు చేశాను. ఇప్పుడు పనిచేస్తోంది. తప్పయిపోయింది.”

బిస్కెట్ల సంగతి వదిలేసి ఆమె చటుక్కున సంచీ తెరిచింది. కెమెరా బయటికి తీసి నొక్కింది. క్లిక్‌మనగానే ఆమె ముఖం పాలిపోయింది. చెప్పులతోనే లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది.

“బాగయిపోయిందా,” అంది, చెడ్డ కబురు విన్నట్టు.

“కోపమొచ్చిందా?”

“మీరేం పాడుచెయ్యలేదండీ. ఇది పనిచెయ్యక ఎనిమిది నెలలైంది.”

మాస్టారికి అర్థం కాలేదు. “మరి వారం వారం పార్కుకు వెళ్తున్నావుగా.”

“వెళ్ళి బెంచీ మీద కూర్చుంటున్నాను. ఫొటోలకంటే అదే హాయిగా ఉంది, ఇది బాగైతే మళ్ళీ తియ్యాల్సిందేగా. ఊరికే కూర్చుని వస్తానంటే ఎవరైనా ఊరుకుంటారా? కెమెరా పాడైందని చెబితే, అయితే ఇక వెళ్ళడం దేనికంటారు.” ఆమె తల దించుకుంది. “మీకు అబద్ధం చెప్పాను. తప్పు నాదే.”

“ఎనిమిది నెలలా? నాకెలా తెలియకుండా పోయింది?”

“నేనూ మొదట్లో ప్రతి ఆదివారం భయపడేదాన్నండీ, ఏం ఫొటోలు తీశావో చూపించమంటారేమోనని. మీరెప్పుడూ అడగలేదు.”